ఎడమ రెక్క మీద చుక్కలు

గుడివాడ చేరేదాకా ఈ రెండు వేళ్ళూ తీయకూడదు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మధ్యలో విమానం తోక. తీస్తే అతుకు ఊడుతుంది, ఊడితే ఏడు నెలల పని గుడివాడ ప్లాట్‌ఫారం మీద ముక్కలవుతుంది. చిలకలపూడి స్టేషన్లో డేనియల్ పళ్ళెం ఎత్తి ఒళ్ళో పెట్టి, రైలు కదిలాక కూడా కిటికీ ఊచలు పట్టుకుని నాలుగడుగులు నడుస్తూ, "వేళ్ళు తియ్యమాకు, ముక్కు గోక్కోవాలనిపించినా తియ్యమాకు" అన్నాడు. మొగుడు ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నప్పటినుంచీ సువార్తమ్మకి ముక్కు ఒకటే దురద. నవ్వొచ్చింది, నవ్వితే చెయ్యి కదులుతుందని ఆ నవ్వు మింగేసింది. అంతా ఆ ఆటో వల్ల వచ్చింది, కాదులే, ఆటో అతని తప్పేముంది పాపం, పళ్ళెంలో ఏముందో చెప్పినప్పటినుంచీ పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తోలాడు, అయినా స్టేషను మలుపు దగ్గర గుంతలో పడి టక్కుమంది, చూస్తే రెండు తోకల్నీ కలిపే అడ్డపలక ఒకవైపు ఊడి వేలాడుతోంది. సంచీలో సూది, రాళ్ళు అంటించే జిగురు సీసా, రెండు ట్యూబులు కలిపి వాడే బంక అన్నీ ఉన్నాయి కాబట్టి సరిపోయింది, స్టేషను బెంచీ మీదే కూర్చుని అతికించింది. ఆ బంక గట్టిపడటానికి గంట, రైలు గుడివాడ చేరడానికీ ఇంచుమించు గంట. రెంటినీ ఒకచోట కలిపిన దేవుడికి స్తోత్రం అనుకుంది సువార్తమ్మ, ఇలాంటి చిన్న చిన్న వాటికి కూడా స్తోత్రం చెప్పడం ఆమెకి ఎప్పటినుంచో అలవాటు.

ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో పాత దుప్పటి మడత, దుప్పటి మీద విమానం. రెక్కలు మూరెడు దాటాయి, రైలు తలుపులో పక్కకి తిప్పి ఎక్కించాల్సొచ్చింది. మామూలు విమానంలా ఉండదిది. మధ్యలో పెట్టెలాంటి పొట్ట ఉంది, ఆ పొట్టకి తోక లేదు. అటూ ఇటూ ఇంజన్ల వెనకనుంచి రెండు పొడుగాటి బొంగులు సాగి రెండు తోకలయ్యాయి, ఆ రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక పలక, ఆ పలకే ఇప్పుడు తన వేళ్ళ మధ్య ఉంది. దీన్ని ప్యాకెట్ అంటారని, మిలిటరీ సరుకు మోసేదని, వెనక తలుపులు పీకేసి గాల్లో ఉండగానే మూటలు తోసేవాళ్ళమని శోభనాద్రిగారు మొదటిరోజు చెప్పారు. ఎయిర్‌ఫోర్సులో ఇరవయ్యేళ్ళు ఆయన పని అదే, మూటలు కట్టడం, నడుముకి తాడు బిగించుకుని తలుపు దగ్గర నిలబడి వాటిని తోయడం. సర్వీసులో ఉండగా ఎవరో స్నేహితుడు బయటి దేశంనుంచి తెచ్చి ఇచ్చిన ప్లాస్టిక్ బొమ్మ ఇది, బొమ్మంటే కుదరదు, పెట్టెనిండా నూట అరవై చిల్లర ముక్కలు, కొన్ని బియ్యపుగింజంత కూడా ఉండవు, చట్రాలకి అంటుకుని పదిహేనేళ్ళు అలాగే పడున్నాయి. "రిటైరయ్యాక తీరిగ్గా చేసుకుందామని దాచానమ్మా. తీరిక వచ్చేసరికి షుగరొచ్చి కళ్ళు తీసుకుపోయింది" అన్నారు, అదేదో గొడుగు పోయినంత తేలిగ్గా. 

అంత తేలిగ్గా తీసుకునే మనిషి భార్య మాత్రం పోయిన నెల గేటుదాకా వచ్చి, వెనక్కి తిరిగి ఆయన వినడం లేదని చూసుకుని, చెయ్యి పట్టుకుని చెప్పింది. "తొందరగా కానియ్యి సువార్తా. కళ్ళంటే ఎప్పుడో పోయినయ్యి. ఇప్పుడు వేళ్ళు కూడా మొద్దుబారుతున్నయ్యి ఆయనకి. మొన్న పొగలుగక్కే కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యంతా బొబ్బలెక్కింది, ఆయనకి తెలియనే లేదు. నేను చూసి అరిస్తే అవునా అన్నారు. ఇంకొన్నాళ్ళు పోతే నువ్వు విమానం తెచ్చి పెట్టినా ఇటిక తెచ్చి పెట్టినా ఒకటే." బుల్లెమ్మగారు ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. ఆ రోజు తిరుగు రైల్లో సువార్తమ్మ తన వేళ్ళనే చూసుకుంటూ కూర్చుంది. వేళ్ళ మీదే బతికే మనిషి తను, రాళ్ళు పొదిగే పని. అప్పటిదాకా ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని చేస్తున్న విమానం ఆ మర్నాటినుంచీ రోజూ సాయంత్రం పనైపోయింది. వేళ్ళకీ విమానానికీ పందెం పడింది, ఎవరు ముందు అనేది ఇంకాసేపట్లో గుడివాడలో తేలుతుంది.

పెడనలో అచ్చు అద్దిన బట్టల మూటలతో ఒకాయన ఎక్కి, ఎదురుగా కూర్చుని, కాసేపు విమానాన్నీ కాసేపు ఆమె వేళ్ళనీ చూసి, "అమ్మకానికాండీ?" అన్నాడు. కాదని తల ఊపింది. "మరి ఎందుకండీ ఇంత ఓపిక?" అన్నాడు నిజంగానే తెలుసుకుందామని. ఏం చెప్తుంది? ఎక్కడ మొదలుపెట్టి చెప్తుంది? బుల్లెమ్మగారు దూరప్రయాణంలో వేసుకోడానికి రోల్డ్‌గోల్డు గాజులు కొనుక్కుందామని చిలకలపూడి వచ్చిన రోజునుంచా? ఆవిడ లోపల గాజులు ఏరుతుంటే ఆయన బయట అరుగు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు, పక్కనే సువార్తమ్మ నెక్లెసుకి రాళ్ళు పొదుగుతోంది. ఆ పని చప్పుడు చాలాసేపు విని, "రోజుకి ఎన్ని రాళ్ళమ్మా?" అని అడిగారు. "చెయ్యి బాగుంటే నాలుగొందలండి." "ఏదీ, చెయ్యి చూపించు" అని అరచెయ్యి చాపారు. పరాయి మగాడు చెయ్యడిగితే ఇస్తారా ఎవరన్నా? ఎందుకో ఇచ్చింది. చేతిని పట్టుకోలేదాయన, వేళ్ళ కొసలు మాత్రం తడిమి, కాయకాసిన చోట ఆగి, "సరిగ్గా ఇలాంటి చెయ్యే కావాలి" అన్నారు. వారం తిరక్కుండా బుల్లెమ్మగారిని వెంటేసుకుని బస్సులో పెట్టె పట్టుకుని దిగారు. డేనియల్ ఆ పెట్టె మూత మీద బొమ్మ చూసి, "విమానం ఎక్కించమని పోరుతుంటావుగా, ఎక్కించలేనని చెప్తే ఏకంగా చేసేసుకుంటున్నావా" అన్నాడు. ఎగతాళి చేస్తే చేశాడుగానీ, ముక్కులో బరువు పెట్టకపోతే ఈ విమానం తోక మీద కూలబడుతుందని శోభనాద్రిగారు చెప్పినప్పుడు, గిలకలదిండి రేవులో పని చేసే ఆ డేనియలే వలలకి కట్టే సీసం గుళ్ళు గుప్పెడు తెచ్చి ఇచ్చాడు. అవిప్పుడు ముక్కు లోపల ఉన్నాయి, బయటికి కనిపించవు.

రైలు పెడన దాటింది, కిటికీలో వరిచేలు పచ్చనుంచి పసుపుకి తిరుగుతున్నాయి, చూపుడువేలు తిమ్మిరెక్కుతోంది. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది, కాఫీ రోజు. బుల్లెమ్మగారు తనకి గాజు గ్లాసులో తెచ్చారు, ఆయనకి స్టీలు గ్లాసులో. ఆ తేడా ఎందుకో సువార్తమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ తెలుసు, గ్లాసు ఎక్కడ కడిగి ఎక్కడ బోర్లించాలో కూడా తెలుసు. కళ్ళు లేనాయనకి ఏం తెలుస్తుందిలే అనుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడికే ఆయన తల తిప్పి, "గాజు మోగిందేంటి? మనింట్లో స్టీలువే కదా వాడేది" అన్నారు. బుల్లెమ్మగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. రెండోసారి వెళ్ళినప్పుడు కూడా గాజు గ్లాసే. మూడోసారి స్టీలు గ్లాసు వచ్చింది, దాని మీద శోభనాద్రిగారి పేరు చెక్కి ఉంది. ఆ మూడోసారికి బుల్లెమ్మగారు ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో, ఎవరితో ఏం మాట పడి ఉంటారో తెలియదుగానీ, ఆ రోజునుంచీ ఆవిడ పిన్నిగారైపోయారు. ఆయన్ని మాత్రం సారండీ అనే పిలిచేది. "సారేంటి సారు, ఆఫీసా ఇది? బాబాయ్ అను" అని ఆయన కసిరితే, నోరు తిరగడానికి నాలుగు నెలలు పట్టింది, తిరిగాక కూడా "బాబాయ్ గారండీ" దగ్గరే ఆగిపోయింది. అంతవరకే వస్తావా అని ఆయన నవ్వారు. అంతదూరం రావడం తక్కువేం కాదని సువార్తమ్మకి తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది.

అసలు పెట్టె మూత తీయకముందే ఒప్పేసుకుంది తను. మూత మీద రంగుల బొమ్మలో రెండు తోకలు కనిపించాయి, అంతే. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి సువార్తమ్మకి ఎనిమిదేళ్ళు, ఊరు దివిసీమ చివర, సముద్రం పక్కన. అమ్మ పోయింది. ఈ మాట దగ్గర ఆమె మనసు ఎప్పుడూ ఆగదు, చిన్న స్టేషన్లో ఆగని రైలులా దాటేసి ముందుకెళ్తుంది, ఆగితే మళ్ళీ కదలడం కష్టమని దానికి తెలుసు. మిగిలింది తనూ నానమ్మా, ప్రార్థన మందిరం కప్పు మీద. ఎన్ని రోజులో గుర్తులేదు. గుర్తున్నది ఒక విమానం, నల్లటి నీళ్ళ మీదుగా తాటిచెట్లంత కిందికి వచ్చింది, దానికి రెండు తోకలున్నాయి, దాని పొట్టలోంచి పొట్లాలు రాలాయి. ఒకటి కప్పు మీదే పడింది. గోనెగుడ్డలో చుట్టి, పురికొసతో కట్టి ఉంది, దానికి రెండు ముళ్ళు. ఒక ముడి విప్పితే కింద ఇంకో ముడి. గోళ్ళు దిగడం లేదు, పళ్ళతో కొరికి, కట్టినవాడెవడో వాణ్ణి ఎనిమిదేళ్ళ నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టింది. లోపల అటుకులు, బెల్లంముక్క. ఎన్నాళ్ళకో, పెద్దయ్యాక, గిల్టు గాజులు పొట్లం కడుతున్న రోజున తెలిసింది ఆమెకి: ఒక్క ముడే వేసి ఉంటే అది అంత ఎత్తునుంచి పడి విడిపోయేది, అటుకులు నీళ్ళపాలయ్యేవి. ఎక్కడో, ఎవరో, గుట్టలుగుట్టలుగా పొట్లాలు కట్టాల్సిన తొందరలో, ఒక్క క్షణం ఆగి రెండో ముడి వేశారు. అప్పటినుంచీ ఆదివారం గుడిలో అందరి పేర్లూ అయ్యాక చివర్న ఆ రెండో ముడి వేసిన చేతులకి స్తోత్రం చెప్పుకుంటుంది, పేరు తెలియదు కాబట్టి చేతులనే అంటుంది.

ఇదంతా శోభనాద్రిగారికి చెప్పి కాళ్ళకి దండం పెట్టబోతే ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "ఉప్పెనప్పుడు నేనిక్కడ లేనమ్మా, అస్సాంలో ఉన్నా. నువ్వు చూసింది ఈ విమానమో కాదో కూడా చెప్పలేను, ఆకలి మీదున్న పిల్లవి, ఒక తోక రెండుగా కనిపించిందేమో. ఆ దండం నాది కాదు, నాకొద్దు" అన్నారు. అంతగా నిజం చెప్పేవాళ్ళని చూసి సువార్తమ్మకి కోపం వచ్చింది, ఇన్నేళ్ళకి దొరికిన మనిషి చేతుల్లోంచి జారిపోతుంటే రాదా మరి? "ఎవరిదైతే వాళ్ళకి మీరే చేరెయ్యండి" అంది. ఆయన మెల్లిగా, కొండల మధ్య మంచులో ఉండే సిపాయిలకి ఇరవయ్యేళ్ళు మూటలు తోశానని, ఎవరు తిన్నారో ఒక్క మొహం కూడా చూడలేదని, తోయగానే విమానం పక్కకి తిరిగేదని, మూట అందిందో లోయలో పడిందో కూడా తెలిసేది కాదని చెప్పారు. "పైనుంచి పడింది తిన్న మనిషిని చూడటం ఇదే మొదలు. చూడటం అంటే, అదే, వినడం." అన్నారు. ఆ దండం చేరేస్తానని ఒప్పుకున్నారు. "తోసే పని నాదేగా" అని నవ్వారు కూడా. మన ప్యాకెట్లకి నెత్తిమీద ఇంకో చిన్న ఇంజను ఉండేదని, కొండలెక్కడానికి మనవాళ్ళు పెట్టించారని, పెట్టెలో ఆ ముక్క లేదని ఆ రోజే చెప్పారు. సువార్తమ్మ దానికి రోల్డ్‌గోల్డు తాయెత్తు గొట్టం సరిపెట్టింది. పాస్టరుగారికి తెలిస్తే తాయెత్తు చేయిస్తావా అని అడుగుతారని డేనియల్ బెదిరించాడు, విమానానికి కట్టాను నాకు కాదు అని చెప్తానంది.

వడ్లమన్నాడు స్టేషను ఎప్పుడు పోయిందో తెలియలేదు, కౌతారంలో ఆగి కదిలింది. భుజం లాగుతోంది, నుదుటినుంచి చెమట కనుబొమ్మ మీదికి జారి అక్కడ ఆగి కంట్లోకి దిగాలా వద్దా అని చూస్తోంది. పక్కన ఎండురొయ్యల బుట్టతో కూర్చున్న ముసలామె ఇందాకటినుంచీ గమనిస్తున్నట్టుంది, అడక్కుండానే కొంగుతో చెమట తుడిచింది, కొంగంతా రొయ్యల వాసన. "ఎక్కడిదాకా పట్టుకోవాలే తల్లీ దాన్ని?" "గుడివాడ దాకానండి." "పొద్దున్నే ఏమన్నా తిన్నావా?" తినలేదు. ఆ సంగతి మొహంలో కనిపించిందో ఏమో, ముసలామె తన గుడ్డసంచీ విప్పి, ఇడ్లీ తుంచి, పచ్చట్లో అద్ది, "నోరు తెరువు" అంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, రైల్లో అందరిముందూ నోరు తెరిచింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద, తర్వాత సీసా ఎత్తి మంచినీళ్ళు, కాసిని గడ్డం మీదుగా కారితే మళ్ళీ కొంగు. "ముక్కు కూడా కాస్త గోకుదురూ" అని అడిగేసింది సిగ్గు విడిచి. రైలుపెట్టెలో అంతా నవ్వారు, బట్టల మూటలాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. సువార్తమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు వల్లనే అనుకుంటారులే అని వాటిని ఆపుకోలేదు. ఎవరో ఎప్పుడూ తన నోట్లో ముద్ద పెడుతూనే ఉన్నారు, ఆకాశంనుంచి ఒకరు, పక్కసీట్లోంచి ఒకరు, ఒక్కరి పేరూ తెలియదు. "మీ పేరేంటండి?" అని ఈసారి అడిగింది. "నా పేరుతో నీకేం పని, అచ్చమ్మ" అంది ముసలామె. సరే, ఈ ఆదివారం చేతులు అనక్కర్లేదు, పేరే చెప్పుకోవచ్చు.

గుడ్లవల్లేరు వస్తుండగా భయం మొదలైంది. తోక సంగతి కాదు, తోక ఆగేటట్టే ఉంది. ఎడమ రెక్క. దాని సంగతి డేనియల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. మొదటిరోజు శోభనాద్రిగారు రెక్క ముక్క చేతిలో పెట్టి, ఆమె వేలు పట్టి దాని మీద నడిపించారు. గరుకుగా తగిలింది, ఇసుక రేణువులు వరసగా పేర్చినట్టు. "రివెట్లు ఇవి. రేకుల్ని బిగించే మేకులు. నిజం విమానం మీద ఎక్కడుంటాయో ఇక్కడా అక్కడే పోశాడు ఆ మహానుభావుడు. రంగు ఎలా ఉన్నా నాకొద్దమ్మా, నేనేం చూడబోయాను, కానీ ఈ రివెట్లు మాత్రం జాగ్రత్త. ఇవి తగిలితే చాలు, ఆ రెక్క మీద ఎక్కడ నిలబడ్డానో నాకు తెలుస్తుంది." అంత చెప్పారు. సరేనంది. ఆరో నెలలో రెండు పలకలు అతికించి ఎడమ రెక్క తయారు చేసింది, అంచున అతుకు కొంచెం పొంగితే సన్న ఆకురాయి పట్టింది, తర్వాత ఎమరీ కాగితం, తర్వాత మెత్తటి గుడ్డ. చిలకలపూడిలో పుట్టినవాళ్ళూ పెరిగినవాళ్ళూ ఎవరైనా అంతే, అతుకు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, నున్నగా అద్దంలా అయ్యేదాకా రుద్దుతుంది, గరుకు మిగిలిన సరుకు యజమాని వెనక్కి విసిరేస్తాడు మరి. ఆలోచన ఎక్కడో ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. లైటు కింద పెట్టి చూసుకుంటే రెక్క తళతళలాడింది, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం సగంలో ఉండగా వేలు దాని మీద పెట్టింది, రివెట్టు అన్నది ఒక్కటి లేదు.

ఆ రోజు అన్నం తినలేదు. డేనియల్ మొదట నవ్వి, మొహం చూసి మానేశాడు. కళ్ళు లేనాయన చదువుకునే అక్షరాలు చెరిపేసింది, అదీ మెరుగు పెట్టి మరీ చెరిపేసింది. ఇంకో రెక్క ఎక్కడ దొరుకుతుంది, బందరులోనా బెజవాడలోనా? రెండు రోజులు విమానం ముట్టుకోలేదు. మూడోరోజు కుడి రెక్క పక్కన పెట్టుకుని, దాని మీది వరసలు చూసుకుంటూ, సూదిమొనతో రాళ్ళ జిగురు తీసి ఎడమ రెక్క మీద ఒక్కో చుక్క పెట్టడం మొదలుపెట్టింది. పదకొండు సాయంత్రాలు. ఊపిరి బిగపట్టి చుక్క, వదిలి ఇంకో చుక్క. ఎంత సన్నసూది వాడినా అచ్చులో పోసినంత చిన్నవి రాలేదు, ఇసుక రేణువులంతవి పోయి గసగసాలంతవి వచ్చాయి. పైన పల్చగా రంగేస్తే చూసేవాళ్ళకి పెద్ద తేడా తెలియదు, కానీ చూసేవాళ్ళ కోసమా చేసింది? ఆయన వేళ్ళకి తెలియకుండా పోతుందా, రెండు రెక్కలూ పక్కపక్కన తడిమితే? తెలుస్తుంది. "ఇదేంటమ్మా, ఎడమవైపు లావుగా ఉన్నాయి?" అంటారు. అప్పుడు చెప్పాల్సిందే. చెప్పడానికి మాటలు పెడననుంచీ పేర్చుకుంటోంది: చెయ్యి ఊరుకోక మెరుగు పెట్టేశానండి, తప్పయిపోయిందండి. అంతకన్నా ఏముంది చెప్పడానికి. ఒక్క మాట అడిగి ఇంత నమ్మి చేతిలో పెట్టిన మనిషికి, మళ్ళీ ఆయనే తోకలో పలక ఎటు కూర్చోవాలో చీకట్లో కూర్చుని వేళ్ళతో నేర్పిన మనిషికి, ఇదా ఇచ్చేది?

పట్టుకోకూడదు ఆయన, దేవుడా, పట్టుకోకుండా చూడు. ఆ ప్రార్థన నోట్లో ఉండగానే నాలిక కరుచుకుంది. పట్టుకోలేదంటే అర్థం ఏంటి? వేళ్ళు పోయాయని కాదూ? తన తప్పు దాగాలంటే ఆయన వేళ్ళు చావాలి. ఛీ, ఇలాంటి ప్రార్థన ఎవరన్నా చేస్తారా, నూజెళ్ళ దగ్గర పొలాల్లో కొంగలు లేస్తుంటే వాటివైపు చూస్తూ ప్రార్థన మార్చుకుంది. పట్టుకోవాలి. తండ్రీ, ఆయన నన్ను పట్టుకోవాలి, వేలు పెట్టగానే పట్టుకోవాలి, నాలుగు తిట్లు తిట్టాలి, ఆ తిట్లన్నీ తింటాను. ఇలా అడిగాక భయం తగ్గింది, ముక్కు దురద కూడా తగ్గింది. ఎండ కిటికీలోంచి వచ్చి తాయెత్తు ఇంజను మీద పడింది.

గుడివాడలో బట్టల మూటలాయన పళ్ళెం ఒకపక్క పట్టి దింపాడు. శోభనాద్రిగారు ఇంటిదగ్గర ఉండలేకపోయినట్టున్నారు, ప్లాట్‌ఫారం బెంచీ మీద ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని ఉన్నారు, పక్కన ఫ్లాస్కు పట్టుకుని బుల్లెమ్మగారు. "వచ్చిందా? ఏదీ?" అని రెండు చేతులూ చాపారు, చాపినవాళ్ళకి ఇవ్వకుండా ఎంతసేపు ఆగగలరు ఎవరైనా? సువార్తమ్మ బొటనవేలు తీసింది. తర్వాత చూపుడువేలు. అతుకు నిలబడింది. బెంచీ మీద దుప్పటి పరిచి విమానాన్ని చక్రాల మీద నిలబెట్టి చెయ్యి తీసేసింది, తోక మీద కూలబడలేదు, డేనియల్ గుళ్ళు పని చేశాయి. "నిలబడిందండీ, మూడు చక్రాల మీదా నిలబడింది" అన్నారు బుల్లెమ్మగారు, సొంత మనవరాలు నిలబడ్డట్టు.

ఆయన చేతులు ముక్కు మీదనుంచి బయల్దేరాయి. పొట్ట, వెనక తలుపులు, ఇంజన్లు. నెత్తిమీది గొట్టం దగ్గర ఆగి, "ఇది?" అన్నారు. "తాయెత్తండి." "గిల్టు ఇంజనా!" అని పగలబడి నవ్వారు. చేతులు ఎడమ రెక్క మీదికి వెళ్ళాయి. చూపుడువేలు వరస పట్టుకుని నడిచింది, ఆగింది, పక్క వరసలోకి దిగింది, పెదాలు లెక్కపెడుతున్నాయి. "ఇక్కడ పెట్రోలు మూత... ఇక్కడ కాలు పెట్టకూడదు... ఇదిగో ఇక్కడ నిలబడి మంచు తుడిచేవాళ్ళం" అన్నారు, ఎవరితోనో కాదు, తనతో తనే. నల్లద్దాల కిందనుంచి ఒక చుక్క జారి మీసంలోకి దిగింది. "అన్నీ ఉన్నాయమ్మా. ఒక్కటి కూడా పోలేదు." 

పట్టుకోలేదు. ఇసుకకీ గసగసాలకీ తేడా తెలియలేదు ఆ వేళ్ళకి. అప్పుడాయన వేలు కుడి రెక్క మీదికి వెళ్ళింది. ఒకసారి పోయి వచ్చింది. మళ్ళీ పోయింది, ఈసారి నెమ్మదిగా, గట్టిగా అదిమి. కనుబొమలు ముడిపడ్డాయి.

"సువార్తా, ఇటువైపు నున్నగా ఉందేంటి? రివెట్లేవి?"

కుడి రెక్క ఎండలో ఉంది. ఇసుక రేణువులంత రివెట్లు, అచ్చులో పోసినవి పోసినట్టే, వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. బుల్లెమ్మగారు రెక్క వంక చూశారు, సువార్తమ్మ వంక చూశారు.

"మెరుగు పెట్టేశావు కదూ?" అన్నారాయన.

"అవునండి బాబాయ్ గారండీ" అంది సువార్తమ్మ. పెడననుంచీ పేర్చుకున్న మాటలే, ఒక్కటీ మార్చక్కర్లేకపోయింది. "చెయ్యి ఊరుకోక మెరుగు పెట్టేశానండి. తప్పయిపోయిందండి."

"అనుకున్నా! చిలకలపూడి చెయ్యి ఊరుకుంటుందా?" అని తొడ చరిచారాయన. "బుల్లెమ్మా, విన్నావా? వేళ్ళు పోయినయ్యి, పోయినయ్యి అని ఊరంతా చెప్తున్నావు. పట్టేశానా లేదా?"

"పట్టేశారండీ" అన్నారు బుల్లెమ్మగారు, మొహం రైలువైపు తిప్పుకుని.

సువార్తమ్మ సంచీ దగ్గరికి లాక్కుంది. మతిలేక మెరుగు పెట్టిన తన చేతికి, ఎంత తిట్టుకున్నా చిన్నవి కాని ఆ చుక్కలకి, మనసులోనే ఇంకో స్తోత్రం చెప్పుకుంది, ఇంతకన్నా పెద్దది ఆమె ఎప్పుడూ చెప్పి ఉండదు. సూది తీసింది, జిగురు సీసా మూత విప్పింది.

"ఇక్కడేనా? ఇంటికెళ్ళి వేసుకోవచ్చు కదే" అన్నారాయన.

"ఇక్కడేనండి, ఎంతసేపండి. మీరు ఆ రెక్క పట్టుకోండి, కదలకుండా."

ఆయన ఎడమ రెక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నారు. సువార్తమ్మ తిమ్మిరెక్కిన వేలు రెండుసార్లు ముడిచి చాచి, కుడి రెక్క మీద మొదటి రివెట్టు చూసుకుని, దాని నెత్తిన చుక్క పెట్టింది. ఈసారి ఇంకాస్త పెద్దదిగానే పెట్టింది.